పర్ణ వైరాగ్యం

జనవరి 8

మొదటి పేజీలో పేరు, ఉద్యోగం, విద్యార్హత రాయమని అచ్చు వేశారు. పేరు రాయను. ఎవరి చేతిలోనైనా పడితే తిట్టడానికి పనికొస్తుంది. ఉద్యోగం: కాలేజీ లైబ్రరీలో అటెండరు. విద్యార్హత: సగం.

ఈ డైరీ కౌన్సెలర్ మేడమ్ తన దగ్గరికొచ్చే పిల్లలకి పంచగా మిగిలింది. "మీరూ రాసుకోండి, మనసులో బరువు తగ్గుతుంది" అంది. నా బరువంతా పొట్టలోనే ఉంది మేడమ్ అన్నాను. నవ్వింది. ఆవిడ నవ్విన రోజున జీతం న్యాయంగా సంపాదించానని అనిపిస్తుంది.

ఇవాళ్టి ఘనకార్యం: స్టాఫ్ రూమ్ బయట బెంచీ మీద "రంగు తడిగా ఉంది" అని అట్ట పెట్టాను. ఆ బెంచీకి రంగు వేసి ఎన్నేళ్ళయిందో దానికే తెలియదు. పొద్దుటి నుంచీ పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళంతా నిలబడే టీ తాగారు. లెక్కల సారు ఒక్కడే వేలితో ముట్టుకుని చూశాడు. చూసి, వేలు రుమాలుకి తుడుచుకున్నాడు!

జనవరి 11

గొంతు రాసుకుపోయింది. మూడో పాఠం అయింది.

మెట్ల కింద గది ఒకప్పుడు విరిగిన కుర్చీల శ్మశానం. ఇప్పుడది సాయం గది. ఒక పాత కంప్యూటరు, చెవులకు తగిలించుకునే డిప్పలు, కౌన్సెలర్ మేడమ్ టేబులు. చదవడం కష్టమైన పిల్లలు అక్కడ కూర్చుని పాఠాలు వింటారు. ఆ పాఠాలు చదివి రికార్డు చేసే గొంతు నాది. "వాళ్ళకి బుద్ధి తక్కువ కాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కుదురుగా నిలబడవు, అంతే. అదే పాఠం చెవిలో వేస్తే మనకంటే ముందుంటారు" అంటుంది మేడమ్. పరీక్షలప్పుడు వాళ్ళకి వేరే గది, అదనంగా టైము, చెబితే రాసిపెట్టే మనిషి.

నా గొంతు ఎందుకంటే, నేను ప్రిన్సిపాల్ గొంతుతో క్యాంటీన్‌కి ఫోన్ చేసి స్టాఫ్ అందరికీ టీ తెప్పించిన రోజున మేడమ్ విందట. శిక్ష వేయించాల్సింది పోయి పని ఇచ్చింది.

జనవరి 18

బోటనీ సారు సాయం గదికి వచ్చాడు. నేను చదివింది కొంచెం విని, పిల్లల ముందే అన్నాడు:

"ఏమయ్యా, కిరణజన్య సంయోగక్రియ అనడానికి నీ నోరు తిరగట్లేదు. డిగ్రీ పూర్తి చెయ్యనివాడితో డిగ్రీ పాఠాలు చదివిస్తే ఇంతే. ఇక నుంచి నీ ప్రతి పాఠం నేను విని సరే అన్నాకే పిల్లలకి పెట్టాలి."

"అంత ఓపిక తమరికి ఉంటుందా సార్?" అన్నాను వినయంగా.

"నువ్వు చదవడం చదువు. నేను వినడం వింటాను."

సరే. వింటాడో లేదో చూద్దాం.

జనవరి 21

ఇవాళ నన్ను నేను మెచ్చుకోవాలి. ఆకులు రాలడం గురించి పాఠం. పుస్తకంలో కారణాలు మూడే ఉన్నాయి. నేను నాలుగోది చేర్చాను. ఒక్క అక్షరం తడబడకుండా, పుస్తకం గొంతుతోనే:

"నాలుగవ కారణం అంతర్గతమైనది. దీర్ఘకాలము ఒకే కొమ్మను అంటిపెట్టుకుని ఉన్న పత్రములయందు వృక్షమునకు క్రమేణా ఆసక్తి సన్నగిల్లును. దీనినే పర్ణ వైరాగ్యం అందురు. వైరాగ్యము ముదిరిన వృక్షములు పచ్చి ఆకులను సైతం త్యజించును."

"వృక్షమునకు" దగ్గర నవ్వు తన్నుకొస్తే దగ్గుగా మార్చాను. చివర్లో బయట నీళ్ళ ట్యాంకు నిండి పొర్లిన చప్పుడు పడింది. పడనీ. సారు నిజంగా వింటే కుర్చీలోంచి లేచి పరిగెత్తుకొస్తాడు. వినకపోతే పందెం ప్రకారం క్యాంటీన్ ఆసామి నాకు ఫలహారం బాకీ.

జనవరి 22

"విన్నాను. ఉచ్చారణ పరవాలేదు" అన్నాడు సారు.

క్యాంటీన్‌లో చెబితే ఆసామి పొయ్యి కట్టేసి మరీ నవ్వాడు. "పర్ణ వైరాగ్యం! మా ఆవిడకి నా మీద వచ్చింది అదే అన్నమాట" అన్నాడు.

రేపు ఆ ముక్క తీసేయాలి.

జనవరి 23

తీసేయాలి. కంప్యూటరు దగ్గర పిల్లలు కూర్చున్నారు, కుదర్లేదు.

జనవరి 24

సాయం గదిలో ఒక అమ్మాయి ఉంది. రెండో ఏడాది. అక్కడ బోటనీ వినేది తనొక్కతే. పాఠం వినేటప్పుడు తల ఒక పక్కకి వంచుతుంది, కిటికీ మీద వాలిన పిచ్చుకలా. పిచ్చుకా అని పిలిస్తే పలుకుతుంది, ఏమీ అనుకోదు.

ఇవాళ డిప్పలు తీసి నా దగ్గరికొచ్చింది. "బాబాయ్, మీరు చదివితే లోపల అచ్చు పడిపోతుంది. మీ దగ్గుతో సహా."

"దగ్గుకి మార్కులు వెయ్యరమ్మా."

"స్కూల్లో నన్ను మొద్దు అనేవాళ్ళు. చదవమంటే నిలబడి ఏడ్చేదాన్ని. నా కళ్ళు నన్ను మోసం చేస్తాయి బాబాయ్. చెవులు చెయ్యవు."

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. నా గొంతు మీద ఒకరికి అంత నమ్మకం ఉందంటే ఆవిడ నమ్మలేదు. "మిమ్మల్నా?" అంది.

ఫిబ్రవరి 6

ఇంటర్నల్ పరీక్షలు. వేరే గదికి మంచినీళ్ళు తీసుకెళ్ళాను. పిచ్చుక కళ్ళు మూసుకుని చెబుతోంది, జూనియర్ అమ్మాయి ఒకతి పక్కన కూర్చుని రాస్తోంది. ఏ పరీక్ష అని చూడలేదు.

చూశాను. బోటనీ.

ఆకుల పాఠం లోంచి ప్రశ్న వచ్చి ఉండదు. అంత పెద్ద పుస్తకం.

ఫిబ్రవరి 13

వచ్చింది.

సారు ఆమె జవాబుని క్లాసులో అందరి ముందూ చదివాడు. నేను వరండాలో పుస్తకాల బండి తోస్తున్నాను. నవ్వులు వినిపించాయి. నేను పుట్టించిన నవ్వులు అవి. నా జన్మలో నా జోకుకి అంతమంది ఒకేసారి నవ్వలేదు. బండి అక్కడే ఆపేసి నిలబడ్డాను, తేలు కుట్టిన దొంగలా.

"పర్ణ వైరాగ్యం అట! చెట్టు సన్యాసం పుచ్చుకుందట! ఎవరమ్మా నీకీ జ్ఞానం ప్రసాదించింది?"

"పాఠంలో ఉంది సార్."

"ఏ పాఠంలో?"

"సాయం గదిలో వినే పాఠంలో సార్. నాలుగో కారణం."

"ఆ పాఠం నేను విన్నాను. అందులో అలాంటిదేం లేదు. టైము ఎక్కువిచ్చారు, రాసే మనిషినిచ్చారు, గది ఇచ్చారు. ఇన్ని ఇస్తే ఇద్దరూ కూర్చుని నన్ను వెక్కిరిస్తారా?"

ఆమె ఒక్కటే మాట మళ్ళీ అంది. "ఉంది సార్."

ఫిబ్రవరి 14

ఆలోచిస్తే నా తప్పు ఎంత? సారు వింటానని వినలేదు, తప్పు ఆయనది. చెట్టుకి వైరాగ్యం ఏమిటని ఆ పిల్లకి అనుమానం రావద్దా? వస్తే బాగుండేది. ఆ పుస్తకంలో నిజంగా ఉన్న పదాలు మాత్రం ఏం తక్కువ వింతగా ఉన్నాయి? పుస్తకం రాసినవాడే అలాంటి భాష రాస్తే నేనేం చెయ్యను?

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక సాయం గదిలోకి వెళ్ళి ఆ ముక్క కత్తిరించేశాను. ముందూ వెనకా అతికించాను. విని చూసుకున్నాను. మూడో కారణం అయిపోగానే తరువాతి పేరా. అతుకు తెలియట్లేదు. పనితనం.

ఇక గొడవే లేదు. లేనిదానికి ఎవరూ ఎవర్నీ పట్టుకోలేరు.

ఫిబ్రవరి 17

పిచ్చుక తనంతట తాను సారునీ మేడమ్‌నీ సాయం గదికి తీసుకొచ్చింది. పాఠం పెట్టి వినిపిస్తానంది. నేను మూలన పుస్తకాలకి అట్టలు వేస్తున్నాను. వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

పాఠం నడిచింది. నా గొంతు. మొదటి కారణం, రెండో కారణం, మూడో కారణం. ఆమె వేలెత్తి, "ఇప్పుడొస్తుంది వినండి" అంది. రాలేదు.

"మళ్ళీ పెట్టండి మేడమ్."

మళ్ళీ పెట్టారు. ఆమె తల ఇంకా వంచింది.

"ఇంకొక్కసారి."

సారు వాచీ చూసుకున్నాడు. మేడమ్ ఆమె భుజం మీద చెయ్యేసింది. "ఎక్కడైనా వేరేచోట విన్నావేమోరా? కాస్త ఆలోచించు."

 ఆమె మెడలో వేలాడుతున్న డిప్పలు తీసి, చుట్టచుట్టి, జాగ్రత్తగా టేబులు మీద పెట్టింది. "నేనే కల్పించుకున్నానేమో మేడమ్. నా చెవులు కూడా అంతేనేమో" అంది.

వెళ్తూ నా వైపు చూసింది. అనుమానంతో చూసి ఉంటే బతికిపోయేవాణ్ణి. "మీకేమైనా గుర్తుందా బాబాయ్, అలాంటిదేమైనా చదివారా?" అని అడిగింది.

"ఎన్ని పాఠాలని గుర్తుంటాయమ్మా" అన్నాను.

ఫిబ్రవరి 18

అట్టలన్నీ తలకిందులుగా వేశాను. మళ్ళీ విప్పాలి.

ఫిబ్రవరి 19

మా ఆవిడకి చెప్పాను. జోకులా మొదలుపెట్టాను, ఆవిడ నవ్వకపోయేసరికి మామూలుగా ముగించాను.

కూరగాయలు తరగడం ఆపలేదు. "పెళ్ళయిన కొత్తలో నాకు మీ అమ్మగారి గొంతుతో ఫోన్ చేసి ఏడిపించారు, గుర్తుందా?"

"నవ్వావుగా."

"వెళ్ళి అత్తయ్యని అడిగి తెలుసుకున్నాక నవ్వాను. మీరేం చెప్పినా వెళ్ళి చూసుకునే వీలుంది నాకు. ఆ పిల్ల ఎక్కడికెళ్ళి చూసుకుంటుంది? పుస్తకం తెరిస్తే అక్షరాలు పారిపోతాయనేగా మీ దగ్గరికొచ్చింది."

"సారు వినాల్సింది..."

"సారు సంగతి సారు పెళ్ళాం చూసుకుంటుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. మీరు పిల్లి కూడా కాదు. గోడ వెనక దాక్కున్న పిల్లి."

అన్నం పెట్టింది. తినమని మాత్రం అనలేదు.

ఫిబ్రవరి 20

సారు ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు చేశాడు. పరీక్ష రద్దు చేయాలనీ, ఇక మీద ఆమెకి వేరే గదీ రాసే మనిషీ ఇవ్వకూడదనీ. ఇరవై నాలుగున విచారణ. రాసిన జూనియర్ అమ్మాయిని కూడా పిలిచారు, ఆ పిల్ల ఏడుస్తోంది.

రాసే మనిషి లేకపోతే పిచ్చుక పరీక్ష రాయలేదు. మేడమ్ చెప్పింది, ఆమె కాలేజీ మానేస్తానని అంటోందట. "సార్ అన్నది నిజమేనేమో మేడమ్, నా తలలో ఏది పాఠమో ఏది కాదో నాకే తెలియనప్పుడు ఎందుకు చదవడం?" అందట.

ఎల్లుండి చెప్పేస్తాను.

ఫిబ్రవరి 22

మేడమ్ రాలేదు ఇవాళ. చెప్పాలంటే మనిషి ఉండాలి కదా. (వచ్చింది. సాయంత్రం చూశాను.)

ఫిబ్రవరి 24

చెప్పాను. ఎలా జరిగిందో జరిగినట్టు రాస్తాను, తర్వాత నాకు అనుకూలంగా మార్చుకోకుండా.

నన్ను పిలవలేదు. టీ తీసుకెళ్ళే వంకతో లోపలికి వెళ్ళాను. ప్రిన్సిపాల్, సారు, మేడమ్, ఎదురుగా పిచ్చుక. కాలేజీ మానేస్తానని ఆమె అప్పటికే చెప్పేసింది కాబోలు, మేడమ్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టీ కప్పులు పెట్టి, "అది నేను చదివిందే సార్. నేనే కల్పించి చదివాను. తర్వాత నేనే తీసేశాను" అన్నాను.

ప్రిన్సిపాల్ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మళ్ళీ మొదలుపెట్టావా? బెంచీ, క్యాంటీన్ ఫోను అయ్యాయి, ఇప్పుడిదా? ఇది విచారణయ్యా!"

"నిజం సార్."

సారు నవ్వాడు. "అమ్మాయి మీద జాలిపడి నేరం నెత్తినేసుకుంటున్నాడు. పోనీ మంచి మనసే."

నిజం చెబితే నమ్మేవాడు ఒక్కడు లేడు. ఇన్నేళ్ళ నా కష్టార్జితం అది. ఒక్క పిచ్చుక మాత్రం తలెత్తి చూసింది. ఆ చూపు గురించి రాయను.

మేడమ్ అంది, "ఇతన్ని బయట నిలబెట్టండి సార్. అమ్మాయి తను విన్నది చెబుతుంది. తర్వాత ఇతన్ని పిలిచి చెప్పించండి."

తలుపు వేశారు. వరండాలో నిలబడ్డాను. లోపల్నుంచి మొదలైంది. "నాలుగవ కారణం అంతర్గతమైనది..." గొంతు ఆమెదే, కానీ సాగదీసే చోటా విరిచే చోటా నేనే. పుస్తకానికి పెద్దరికం తేవడానికి నేను "అందురు" అని కిందికి దింపుతాను చూడు, అలాగే దింపింది. మధ్యలో ఆగి, "వృక్షమునకు దగ్గర బాబాయ్‌కి దగ్గొచ్చింది సార్. ఆఖర్న నీళ్ళ ట్యాంకు పొర్లింది" అంది. అంత భక్తిగా దాచుకుంది నా చెత్తని.

నన్ను పిలిచారు. చెప్పాను. దగ్గు ఎక్కడో, ట్యాంకు ఎక్కడో చెప్పాను. 

"ఇద్దరూ కలిసి బట్టీ పట్టుకొచ్చారేమో" అన్నాడు సారు, అంత గట్టిగా కాదు.

"మీరు ఆ పాఠం విన్నానన్నారుగా?" అన్నాడు ప్రిన్సిపాల్. "మీరు విన్నప్పుడు ఇది ఉందా, లేదా?"

సారు టీ కప్పు తీసుకున్నాడు. "సరిగా గుర్తులేదు" అన్నాడు. ఆ క్షణం కోసమే కదా నేనిదంతా చేసింది. రుచి తెలియలేదు.

పిచ్చుకకి మళ్ళీ పరీక్ష పెడతారు. గదీ, టైమూ, రాసే మనిషీ ఉంటాయి. లేచి వెళ్తూ ఆమె తన చెవిని వేలితో ఒకసారి తడుముకుంది, పోయిన వస్తువు దొరికినట్టు. 

అందరికీ క్షమాపణ చెప్పాను. ప్రిన్సిపాల్‌కి, మేడమ్‌కి, సారుకి కూడా. ఆమెకి చెప్పలేదని ఇంటికొచ్చాక తెలిసింది.

రేపు చెప్పాలి.

ఫిబ్రవరి 26

లైబ్రరీ నుంచి తీసేశారు. ఇక బెల్లు, గేటు. ఉద్యోగం తీయకపోవడం మేడమ్ చలవ.

నేను చదివిన పాఠాలన్నిటికీ తాళం పడింది. వాటిని ఎవరో పుస్తకం పక్కన పెట్టుకుని మొదటి నుంచి విని చూడాలి. అంతవరకూ సాయం గదిలో పిల్లలకి పాఠాల్లేవు, ముందు పెద్ద పరీక్షలున్నాయి. ఇవాళ గేటు దగ్గర్నుంచి చూశాను, ఒకబ్బాయి ఖాళీ డిప్పలు మెడలో వేసుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

మేడమ్ అడిగింది, "ఇంకెక్కడైనా ఇలాంటివి ఉన్నాయా? ఉంటే చెప్పండి, వాళ్ళకి సగం టైము కలిసొస్తుంది."

లేవన్నాను.

ఫిబ్రవరి 28

ఉన్నాయి.

మార్చి 1

చెప్పాను. చరిత్రలో రాజుగారి పిల్లి, ఆర్థికశాస్త్రంలో మా బావమరిది పేరు. చిన్నవే. మేడమ్ నవ్వలేదు, తిట్టలేదు. "ఇవేనా? ఆలోచించి చెప్పండి" అంది. గుర్తున్నంతవరకూ ఇవే అన్నాను. రాసుకుంది. రాసుకున్నది నమ్మినట్టు లేదు. నాకూ పూర్తిగా నమ్మకం లేదు.

రోజూ సాయంత్రం గేటు పని అయ్యాక ఆవిడ పుస్తకం పట్టుకుంటుంది, నేను నా గొంతు వింటాను. ఇంత ముచ్చటగా అబద్ధమాడగల గొంతని నాకే తెలియదు.

మార్చి 5

పిచ్చుక గేటు దాటింది. చెప్పాలి అనుకున్నాను. ఫోన్ వచ్చింది.

(రాలేదు.)

మార్చి 12

మళ్ళీ పరీక్ష. ఆమె ఒక్కతే, రాసే అమ్మాయితో.

టైమైంది, బెల్లు కొట్టాను. మిగతా క్లాసులు వదిలారు, కాలేజీ ఖాళీ అయింది. ఆమె అదనపు టైముకి బెల్లు ఉండదు. వేరే గది తలుపు కనిపించేలా, స్టాఫ్ రూమ్ బయటి ఆ బెంచీ మీద కూర్చున్నాను. రంగు వెలిసిన బెంచీ.

వచ్చింది. లేచి నిలబడ్డాను.

"బాగా రాశావామ్మా?"

"రాశాను బాబాయ్. ఆకుల ప్రశ్నే మళ్ళీ వచ్చింది. మూడే చెప్పాను." బ్యాగు భుజానికి తగిలించుకుంది. బ్యాగులోంచి లావు పుస్తకం అంచు కనిపిస్తోంది. ఇదివరకు ఆమె బ్యాగులో పుస్తకం ఎప్పుడూ చూడలేదు.

"అదేంటి, పుస్తకం?"

"మేడమ్ సరిచూసి ఇచ్చినవి విన్నాక కూడా ఇందులో వేలు పెట్టి చూసుకుంటున్నాను. ఒక్కో పేజీకి చాలాసేపు పడుతుంది. తలనొప్పి వస్తుంది." ఫిర్యాదులా అనలేదు. కొత్తగా నేర్చుకున్న పని గురించి చెప్పినట్టు చెప్పింది.

నా నోటికి అలవాటైన జోకులన్నీ వరసకట్టి వచ్చి, ఒక్కటీ బయటికి రాలేదు. "తప్పయిపోయిందమ్మా. నన్ను క్షమించు" అన్నాను. నా గొంతు నాకే పాఠం చదివినట్టు వినిపించింది. కిందికి దింపాల్సిన చోట దిగింది కూడా.

ఆమె వెళ్ళబోతూ ఆగింది. తల ఒక పక్కకి వంచింది.

"ఇది పుస్తకంలో ఉన్నదేనా బాబాయ్, మీరు కలిపిందా?"

వెక్కిరింపు అయితే బాగుండేది. ఆమెకి నిజంగా తెలుసుకోవాలని ఉంది.

ఉన్నదే అన్నాను. ఆమె తల ఇంకా అలా వంచే ఉంచింది.